ఉసిరు

లింగరాజపురంలో మా ఇంటి మెట్లు ఇరుకు.
ఒకరి వెనక ఒకరు ఎక్కొచ్చారు,
తెల్లచొక్కాలు, నల్ల బ్యాడ్జీలు, వానకు నానిన బూట్లు.
ఎల్డర్ తానేటి, ఎల్డర్ లాల్‌రిన్‌సంగ.
ఎల్డర్ అంటే పెద్ద అని అర్థమట.
పెద్దలిద్దరికీ ఇరవై నిండలేదు,
ఒకడి గడ్డం మీద పొద్దుటి బ్లేడు గాటు.

కాఫీ కలపబోతే వద్దన్నారు. టీ కూడా.
మా అత్త సంతోషమ్మకి అక్కడే అనుమానం మొదలైంది.

తానేటిది రాజమండ్రి. నెమ్మదిగా చెప్పాడు:
తండ్రికి ఒళ్ళుందండి, మనకున్నట్టే. మాంసం, ఎముకలు.
కుమారుడికి వేరే ఒళ్ళు.
పరిశుద్ధాత్మకి మాత్రం లేదు.
ముగ్గురూ వేరు, మనసొక్కటి.

అత్త కళ్ళజోడు తీసేసింది.
కోపమొస్తే తీస్తుంది, ఇంక చూడక్కర్లేదన్నట్టు.
"ఒళ్ళుంటే ఒక్కచోటే ఉంటాడు నాయనా.
ఒంగోల్లో నేనేడ్చిన రాత్రి
చీరాల్లో మా చెల్లి పక్కన కూచున్నదెవరు మరి?
ఆయన ఒక్కడే. ఒక్కడే ముగ్గురు."
అదెలాగండీ అంటే
నీళ్ళు, మంచు, ఆవిరి అంది.
సండేస్కూల్లో ఆ పోలిక నేర్పిన పాస్టరుగారే
పదేళ్ళ తర్వాత అది తప్పని చెప్పిన సంగతి
నేను గుర్తుచేయలేదు.

నేను ఎక్స్‌రేలు తీసేదాన్ని.
ఇరవై రెండేళ్ళుగా, రోజుకి ఎనభై మంది.
ఎముకంటే నాకు గౌరవం. అబద్ధమాడదు.
మెట్ల మీంచి జారితే ఒకలా విరుగుతుంది,
జారానని మొగుడు చెప్పమంటే ఇంకోలా.
దేవుడికి ఎముకలున్నాయనగానే
నాకొచ్చిన మొదటి ఆలోచన:
ఎక్కడైనా విరిగి అతుక్కున్న గీత ఉందా?

అడిగేశాను.
అది మహిమ పొందిన ఒళ్ళండి, విరగదు, అన్నాడు.
కానీ ఒకప్పుడు... అని ఆగి,
ఆయనా మనలాగే నడిచి, నేర్చుకుని
అక్కడికి చేరాడని మావాళ్ళు కొందరంటారు, అన్నాడు.

అత్త లేచి వంటింట్లోకి పోయింది.
ఆమె తరఫున గిన్నెలు మాట్లాడాయి.

గొంతు తగ్గించి ఇంకోటి అడిగాను.
తండ్రికి ఒళ్ళుంటే, తల్లో?
ఉందండి.
పేరు?
తెలీదండి. ఆమెకి ప్రార్థన చేయం.
ఎక్కువ మాట్లాడం.

గిన్నెలు ఆగాయి.
తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ గుమ్మంలో అత్త:
"అమ్మ ఉండి కూడా, మాట్లాడరా?"
ఆ సాయంత్రం జవాబు కోసం ఆమె అడిగిన
ఒకే ఒక్క ప్రశ్న అది.
తానేటి తన బూట్ల వంక చూసుకున్నాడు.
వాళ్ళు వెళ్ళాక చాలాసేపటిదాకా
మెట్ల మీద రెండు జతల తడి అడుగులు ఆరలేదు.

మర్నాడు ఛాతీ ఎక్స్‌రేకి ఒక ముసలాయన,
పీణ్యాలో ఏదో ఫ్యాక్టరీ వాచ్‌మన్.
గడ్డం పైకెత్తించి, భుజాలు ముందుకు తోయించి
పలకకి ఆనించి నిలబెట్టాను.
అద్దం వెనక్కెళ్ళి రోజూ అనేదే అన్నాను:
ఉసిరు ఎళ్కొళ్ళి, హిడ్కొళ్ళి.
కన్నడంలో ఉసిరంటే ఊపిరి. మన ఉసురే.
అది ఆపితేనే ఎముక తేటగా పడుతుంది.
ఆపి అలాగే ఉంచితే
మనిషే ఉండడు.

తెర మీద పక్కటెముకలు తెల్లగా,
వాటి నడుమ గాలి నల్లగా,
ఏమీ లేనట్టు,
ఉన్నదంతా అదే అయినట్టు.
అత్తనీ ఆ కుర్రాణ్ణీ పక్కపక్కన కూచోబెట్టి
ఇది చూపిస్తే ఏమంటారో.
ఎవరి సాక్ష్యం వాళ్ళకి దొరికిందనుకుంటారేమో.

తలెత్తి చూద్దును కదా,
ముసలాయన ఇంకా బిగబట్టే ఉన్నాడు!
మెడ నరాలు తేలి, కదలకుండా,
కనిపించని నా గొంతు కోసం.
చెప్పడం మరిచిపోయాను.

బిడి, బిడి, అన్నాను గాభరాగా. వదలండి.

వదిలాడు.
పలక మీద, గడ్డం ఆనిన చోటికి కాస్త పైన
చిన్న ఆవిరి మచ్చ.
గుడ్డ తీసుకుని వెళ్ళేలోగా
అదీ లేదు.